లెక్కల మాస్టారికి ఉత్తరాలు: డాబా మీద 12 ముగ్గు

పోయిన సంచికలో ఒక జవాబు చివర "క.సా.గు., గ.సా.భా.ల వెనక ఒక స్పేస్ దాక్కుని ఉంది, దాని సంగతి మరోసారి" అని రాసి ఊరుకున్నాను. మీరు ఊరుకోలేదు. వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. మిగతా సగం ట్యూషన్ ఫీజుల గురించి. వాటికి నా దగ్గర జవాబు లేదు. కాబట్టి ఈ నెల పేజీలన్నీ ఆ స్పేస్‌కే. విల్లివాక్కంలో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని, ఉత్తరాలను ఒక వరసలో పెట్టుకుని రాస్తున్నాను. వరస నాది, మీరు పంపిన తేదీల ప్రకారం కాదు.

మా అమ్మాయి ఎమ్మెస్సీ చదువుతోంది. ఫోనులో ఫ్రెండుతో "డిస్ట్రిబ్యూటివ్ లాటిస్, డ్యూయల్ స్పేస్" అంటూ గంటలు గంటలు మాట్లాడుతుంది. నేను పదో తరగతి వరకే చదివాను. లాటిస్ అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పగలరా? – ఒక తల్లి, పెరంబూరు

పదో తరగతి చాలమ్మా, ఆరో తరగతి అయినా చాలు. 12ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు రాయండి: 1, 2, 3, 4, 6, 12. ఇప్పుడు ముగ్గు వేసినట్టు ఆరు చుక్కలు పెట్టండి. అన్నిటికంటే కింద 1. దాని పైన పక్కపక్కన 2, 3. ఆ పైన 4, 6. అన్నిటికంటే పైన 12. కింది సంఖ్య పై సంఖ్యను భాగిస్తే గీత కలపండి, మధ్యలో ఇంకొకటి అడ్డం రాకపోతేనే. ఏడు గీతలు వస్తాయి.

ఈ ముగ్గులో ఏ రెండు చుక్కలు తీసుకున్నా, రెంటి నుంచీ కిందికి దిగుతూ వెళ్తే మొదట కలిసే చోటు గ.సా.భా. పైకి ఎక్కుతూ వెళ్తే మొదట కలిసే చోటు క.సా.గు. 4, 6 నుంచి దిగితే 2 దగ్గర కలుస్తారు, ఎక్కితే 12 దగ్గర. ఇలా ఏ రెంటికైనా కింద ఒక కలయిక, పైన ఒక కలయిక ఖాయంగా దొరికే అమరికను లాటిస్ అంటారు. జాలకం అనే మాటా ఉంది గానీ, క్లాసులో నేను లాటిస్ అనే అన్నాను, ముప్ఫై ఏళ్ళు.

ఈ బొమ్మను నేను నిజంగానే మా డాబా మీద ముగ్గుపిండితో వేశాను, మనవరాలికి చూపిద్దామని. బట్టలు ఆరేయడానికి వచ్చిన ఎదురు ఫ్లాటు ఆవిడ, తమిళులు, కాసేపు చూసి "ఒక గీత మర్చిపోయారు సార్" అన్నారు. 3 నుంచి 4కి గీత ఉండాలట. 3తో 4 భాగించబడదమ్మా అన్నాను. "అది నాకు తెలీదు, కోలం అంటే ఇటెంతో అటూ అంతే ఉండాలి" అన్నారు. ఆ మాట గుర్తుంచుకోండి, రెండు ఉత్తరాల తర్వాత దానితో పని ఉంది.

మాస్టారూ, 0కి, 5కి క.సా.గు. ఎంత? మా టీచరు 0కి క.సా.గు. అడగకూడదు అంటున్నారు. – ఆరో తరగతి విద్యార్థి, సైదాపేట

నాయనా, పరీక్షలో మీ టీచరు చెప్పినట్టే రాయి. మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయి.

ఇక మన మధ్య మాట. 5వ ఎక్కాన్ని 5 × 0 = 0 నుంచి మొదలుపెట్టు. 0 అందులో ఉంది. 7వ ఎక్కంలోనూ ఉంది. ప్రతి ఎక్కంలోనూ ఉంది. అంటే 0ని ప్రతి సంఖ్యా భాగిస్తుంది. భాగించడమే కింద నుంచి పైకి వెళ్ళే మెట్టయితే, 0 అన్నిటికంటే పైమెట్టు, 1 అన్నిటికంటే కిందిమెట్టు. 0కి, 5కి క.సా.గు. 0. గ.సా.భా. 5. 0 చిన్నది కదా అని నువ్వు అడుగుతావు. చాక్లెట్లు లెక్కపెట్టేటప్పుడు చిన్నదే. ఎక్కాల్లో అదే అందరికంటే పెద్ద.

లాటిస్ సరే. "డిస్ట్రిబ్యూటివ్" అని వేరే చెప్పడం ఎందుకు? విభాగ న్యాయం ఎక్కడైనా నిజమే కదా? – విశ్రాంత రైల్వే ఉద్యోగి, ఆవడి

మీరు చేసిన పొరపాటు నేనూ చేశాను, అదీ ముప్ఫై మంది ముందు. ఎమ్మెస్సీలో సెమినార్ ఇవ్వమన్నారు. ఏ లాటిస్‌లోనైనా విభాగ న్యాయం ఉంటుందని బోర్డు మీద రుజువు మొదలుపెట్టాను. మా సారు చివరి బెంచీలో కూర్చుని అరగంట సేపు ఒక్క మాట అనలేదు. బోర్డు నిండాక లేచి వచ్చి, ఒక చుక్క పెట్టి, దానిగుండా మూడు గీతలు గీసి, "వీటికి చెప్పు" అని వెళ్ళి కూర్చున్నారు. ఆ రోజు సాయంత్రం హాస్టల్లో అన్నం తినబుద్ధి కాలేదు.

రెంటిని పైన కలిపి మూడోదానితో కింద కలిపినా, మూడోదానితో విడివిడిగా కింద కలిపి ఆ తర్వాత పైన కలిపినా ఒకటే రావాలన్నది విభాగ న్యాయం. ముందు నిజమయ్యే చోటు చూద్దాం. 12, 8, 9 తీసుకోండి. 8, 9ల క.సా.గు. 72. దానికీ 12కీ గ.సా.భా. 12. ఇటు నుంచి వస్తే 12, 8ల గ.సా.భా. 4, 12, 9ల గ.సా.భా. 3, ఆ రెంటి క.సా.గు. 12. సరిపోయింది. సంఖ్యల్లో ఎప్పుడూ సరిపోతుంది.

ఇప్పుడు మా సారి మూడు గీతలు. కాగితం మీద ఒకే బిందువు గుండా పోయే మూడు గీతలు. ఇక్కడ రెండు గీతలకు పై కలయిక అంటే ఆ రెంటినీ ఇముడ్చుకునే మొత్తం కాగితం. కింది కలయిక అంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్న ఆ ఒక్క బిందువు. రెండో గీత, మూడో గీత పైన కలిస్తే కాగితం. దానితో మొదటి గీత కింద కలిస్తే మొదటి గీతే. అదే విడివిడిగా చేస్తే మొదటిది రెండోదానితో బిందువు, మూడోదానితోనూ బిందువు, ఆ రెండూ పైన కలిసినా బిందువే. ఒక పక్క గీత, ఇంకో పక్క చుక్క. విభాగ న్యాయం పోయింది.

నాకు ఓదార్పు తర్వాత లైబ్రరీలో దొరికింది. 1880లో అమెరికన్ తార్కికుడు చార్లెస్ శాండర్స్ పర్స్ కూడా విభాగ న్యాయం దానంతట అదే వస్తుందని రాశాడు. రుజువు సులువే, కానీ ఇక్కడ ఇస్తే విసుగు పుట్టిస్తుందని వదిలేశాడు. పదేళ్ళ తర్వాత జర్మనీలో ఎర్న్‌స్ట్ ష్రోడర్ అది రాదని చూపించాడు. నేను కనీసం విసుగు పుట్టించే రుజువు మొత్తం బోర్డు మీద రాశాను.

మీరు "స్పేస్ దాక్కుని ఉంది" అన్నారు. స్పేస్ అంటే బిందువులు ఉండాలి కదా. సంఖ్యల లాటిస్‌లో ఆ బిందువులు ఎక్కణ్నుంచి వస్తాయి? వచ్చాక వాటి మధ్య టోపాలజీ ఎందుకు, క్రమం ఎందుకు, రెండూ ఎందుకు? – సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, శోళింగనల్లూరు

ఇలాంటి ఉత్తరం కోసమే ఆ వాక్యం వదిలాను. కాఫీ తెచ్చుకుని చదవండి, కొంచెం పొడుగు.

బిందువు అంటే ఇక్కడ ఒక పరీక్ష. పరీక్ష ప్రతి సంఖ్యనూ ఒకే ప్రశ్న అడుగుతుంది, సంఖ్య అవుననో కాదనో చెబుతుంది. ఉదాహరణకు "నువ్వు 8వ ఎక్కంలో వస్తావా?" ఏ ప్రశ్న పడితే అది పనికిరాదు. రెండు సంఖ్యల గ.సా.భా. పాసైతే ఆ రెండూ పాసై ఉండాలి, రెండూ పాసైతే గ.సా.భా. పాసవ్వాలి. క.సా.గు. పాసైందంటే ఆ రెంటిలో కనీసం ఒకటి పాసై ఉండాలి. 1 ఎప్పుడూ ఫెయిల్, 0 ఎప్పుడూ పాస్. ఇవీ షరతులు.

8వ ఎక్కం ఈ షరతులకు నిలబడుతుంది. 6వ ఎక్కం నిలబడదు. 2ని అడగండి, 6వ ఎక్కంలో లేదు. 3ని అడగండి, లేదు. ఆ రెంటి క.సా.గు. 6 మాత్రం వచ్చి కూర్చుంది! ఇద్దరూ ఫెయిలైన ఇంట్లో ఫస్టు క్లాసు వచ్చినట్టు. 6 లోపల రెండు వేరు వేరు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయన్నమాట. అలా ముడిలేని ప్రశ్నలు ఏవి? ప్రధాన సంఖ్యలు, వాటి ఘాతాలు: 2, 3, 4, 5, 7, 8, 9, 11, 13, 16... ఇవి కాక ఇంకొక్కటే ఉంది: "నువ్వు 0వా?" అనే ప్రశ్న. రెండు సంఖ్యల క.సా.గు. 0 కావాలంటే వాటిలో ఒకటి 0 అయి తీరాలి, గ.సా.భా. 0 కావాలంటే రెండూ 0 కావాలి. కాబట్టి అదీ షరతులకు నిలబడింది. ఈ పరీక్షలనే పుస్తకాల్లో ప్రైమ్ ఫిల్టర్లు అంటారు. పేరు చూసి భయపడక్కర్లేదు, పాసైన వాళ్ళ జాబితాకే ఆ పేరు.

ఇప్పుడు ఒక్కో సంఖ్యకు అది పాసైన పరీక్షలు రాసుకోండి. 12కి 2, 4, 3. 18కి 2, 3, 9. రెంటికీ ఉమ్మడిగా ఉన్నవి 2, 3, అంటే 6. అదే గ.సా.భా. రెంటినీ కలిపితే 2, 4, 3, 9, అంటే 36. అదే క.సా.గు. స్కూల్లో నిచ్చెన భాగహారాలు వేసి తెచ్చుకున్నవి ఇక్కడ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టగానే వచ్చేశాయి. ఇది మొదటిసారి చేసి చూపించినప్పుడు క్లాసులో వెనక బెంచీ కూడా తల ఎత్తేది.

ఇక క్రమం సంగతి. 8 పరీక్ష పాసైనవాడు 4 పాసవ్వక తప్పదు, 4 పాసైనవాడు 2 పాసవ్వక తప్పదు. అంటే పరీక్షల్లోనే ఒక కిందా మీదా ఉంది. 2 పైన 4, దాని పైన 8. 3కీ 2కీ మాత్రం ఏ సంబంధమూ లేదు. కాబట్టి ఏ జాబితా పడితే అది సంఖ్య కాలేదు. 8 ఉంటే 4, 2 కూడా ఉండాలి, పైది ఉంటే కిందివన్నీ ఉండాలి.

మా ఎదురు ఫ్లాటు ఆవిడ ఫిర్యాదు ఇక్కడ తీరుతుంది. ఆవిడకు 30 ముగ్గు వేసి చూపిస్తే ఏ పేచీ ఉండదు: 1, తర్వాత 2, 3, 5, తర్వాత 6, 10, 15, చివర 30. ఇటెంతో అటూ అంతే. అందులో ప్రతి సంఖ్యకూ ఒక జోడీ ఉంది, 2కి 15, 3కి 10, 5కి 6, 1కి 30. కింద కలిస్తే 1, పైన కలిస్తే 30. దీన్ని పూరకం అంటాం, తర్కంలో "కాదు" అనే మాటతో సమానం. 12లో 2కి జోడీ వెతకండి. 2తో ఉమ్మడి లేనిది 1 కాక 3 ఒక్కటే, కానీ 2, 3 పైన 6 దగ్గరే ఆగిపోతాయి, 12 చేరవు. 2కి జోడీ లేదు. ఎందుకు లేదు? పరీక్షలు చూడండి. 30కి 2, 3, 5, ఎవరికీ ఎవరితో పేచీ లేదు. 12కి 2, 4, 3, అందులో 2 మీద 4 ఎక్కి కూర్చుంది. పరీక్షల మధ్య కిందా మీదా ఏమీ లేకపోతే ప్రతిదానికీ పూరకం ఉంటుంది, అది బూలియన్ ఆల్జీబ్రా. కిందా మీదా ఉందంటే ఎక్కడో పూరకం కరువైందన్నమాట. మీ "క్రమం ఎందుకు"కి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలీదు.

టోపాలజీ అంటే ఏ బిందువు దేనికి దగ్గరో చెప్పే ఏర్పాటు. అది ఎందుకు? ఇప్పటిదాకా అది లేకుండానే బండి నడిచింది, ఎందుకంటే 12, 18 లాంటి వాటి జాబితాలు చిన్నవి. ఇప్పుడు ఈ జాబితా చూడండి: 2, 4, 8, 16, 32... ఇలా 2 ఘాతాలన్నీ, ఆగకుండా. పైది ఉంటే కిందివీ ఉన్నాయి, మన నియమం తప్పలేదు. మరి ఇది ఏ సంఖ్య? 2ని అనంతమైన సార్లు హెచ్చించిన సంఖ్య కావాలి. అలాంటి సహజ సంఖ్య లేదు. 1910లో ఎర్న్‌స్ట్ స్టైనిట్జ్ ఇలాంటి వాటికి కూడా చోటిచ్చి వాడుకున్నాడు, అది వేరే కథ. మనకు మాత్రం ఇవి పిలవని పేరంటాలు. వీటిని గుమ్మం దగ్గర ఆపేది టోపాలజీ.

పరీక్షలన్నిటినీ ఒక వీధిలో ఇళ్ళలా ఊహించుకోండి. ప్రధాన ఘాతాలకు ఒక్కోదానికీ విడి ఇల్లు, మధ్యలో ఖాళీ స్థలం. వీధి చివర "నువ్వు 0వా?" అనే పరీక్ష. ఆ చివరింటి చుట్టూ ఎంత చిన్న ప్రహరీ కట్టినా, ఏవో కొన్ని ఇళ్ళు తప్ప మిగతా అన్నీ ప్రహరీ లోపలికే వస్తాయి. కాబట్టి 2, 4, 8, 16... వరస నడుస్తూ చివరింటికే చేరుతుంది. 2, 3, 5, 7, 11... వరసా అక్కడికే చేరుతుంది. పెరుగుతూ పోయే సంఖ్యలు 0 దగ్గరికి పోవడం వింతగా ఉంటుంది కానీ, సైదాపేట కుర్రవాడికి చెప్పినట్టు ఇక్కడ 0 పైమెట్టు.

ఇప్పుడు ఒక కొత్త నియమం: జాబితాకు అంచు చీలి ఉండకూడదు. అంటే జాబితాలోని ఇళ్ళ వరస బయటి ఇంటికి జారకూడదు, బయటి ఇళ్ళ వరస లోపలికి జారకూడదు. 2, 4, 8, 16... జాబితా చివరింటి వైపు జారుతోంది, కానీ చివరిల్లు జాబితాలో లేదు. కొట్టేయండి. సరే, చివరింటిని కూడా చేర్చుకుందాం అంటారా? "నువ్వు 0వా?" పాసైనవాడు అన్ని పరీక్షలూ పాసవుతాడు, కాబట్టి అది వస్తే కిందివన్నీ, అంటే మొత్తం వీధి, రావాలి. చివరికి మిగిలే జాబితాలు రెండు రకాలే. పైది ఉంటే కిందివన్నీ ఉన్న చిన్న జాబితాలు, అంతమున్నవి. లేదా మొత్తం వీధి. మొదటి రకం 1, 2, 3, 4... (ఖాళీ జాబితా 1), రెండోది 0. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. మన సంఖ్యలన్నీ తిరిగి చేతికొచ్చాయి.

దీన్ని ఏ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌కైనా, పైమెట్టు, కిందిమెట్టు ఉంటే చాలు, చేయవచ్చని 1970లో హిలరీ ప్రీస్ట్‌లీ అనే ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త చూపించారు. లాటిస్ ఇస్తే పరీక్షల వీధి వస్తుంది, వీధి ఇస్తే లాటిస్ తిరిగొస్తుంది. తగినన్ని పరీక్షలు ఉంటాయన్న భరోసాకు మామూలుగా జోర్న్ లెమ్మా (అనంతమైన వాటిలో ఎంపికకు భరోసా ఇచ్చే సూత్రం) సాయం కావాలి. సంఖ్యల్లో మనం వేళ్ళ మీద లెక్కపెట్టేశాం కాబట్టి ఆ గొడవ రాలేదు. లాటిస్‌ల మధ్య దారులను చూపే బాణాలు వీధుల మధ్యకు వచ్చేసరికి ఎందుకు తిరగబడతాయని మీరు చివర్లో చిన్న అక్షరాల్లో అడిగారు. ఒక లాటిస్ నుంచి రెండో లాటిస్‌కు దారి ఉందనుకోండి. రెండోదానిలో పరీక్ష పెట్టేవాడు మొదటిదానిలోని వాళ్ళనూ పరీక్షించగలడు, ఆ దారిన తన దగ్గరికి రప్పించుకుని. మనుషులు ఇటు నుంచి అటు వెళ్తే పరీక్ష అటు నుంచి ఇటు వచ్చింది.

"రెండూ ఎందుకు" అన్నదానికి చరిత్రే జవాబు. అమెరికన్ గణితవేత్త మార్షల్ స్టోన్ 1936లో బూలియన్ ఆల్జీబ్రాలకు ఈ పని చేశాడు. అక్కడ కిందా మీదా లేదు కాబట్టి ఒక్క టోపాలజీ సరిపోయింది, అందమైన స్పేస్ వచ్చింది. 1937లో డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌లకూ చేశాడు, ఆ వ్యాసం ప్రాగ్‌లోని ఒక చెక్ పత్రికలో వచ్చింది. ఈసారి ఆయన కిందా మీదాను కూడా టోపాలజీలోనే కుక్కాడు. మన వీధిలో చూడండి: ఆయన పద్ధతిలో 4 చుట్టూ ఏ ప్రహరీ కట్టినా 2 లోపలికి వచ్చి తీరుతుంది, 2 చుట్టూ 4 లేకుండా కట్టవచ్చు. ఇద్దరినీ చెరొక ప్రహరీలో పెట్టడం కుదరదు. తప్పేం లేదు, కానీ అలాంటి స్పేస్‌లో నడవడం చీకట్లో మెట్లు దిగినట్టుంటుంది. బ్రెజిల్‌కు చెందిన లియోపోల్దో నాష్బిన్ టోపాలజీని, క్రమాన్ని పక్కపక్కన పెట్టి చదవవచ్చని 1950 నాటికే పుస్తకం రాశాడు. ప్రీస్ట్‌లీ చేసింది ఆ రెంటినీ విడదీయడం. ప్రతి ఇంటికీ విడి ప్రహరీ, కిందా మీదా మాత్రం వేరే కాగితం మీద. రెండు పద్ధతులూ ఒకే సమాచారం అని 1975లో కార్నిష్ అనే గణితవేత్త తేల్చాడు. తేలినా సరే, నాకు ప్రీస్ట్‌లీ పద్ధతే ఇష్టం. ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ ఒకే సంచీలో వేసి తెచ్చినా బరువు అంతే, కానీ ఇంటికొచ్చాక ఏరుకునేది ఎవరు?

ఇదంతా ఎందుకు పనికొస్తుంది? – పేరు రాయలేదు, పోస్టు ముద్ర అంబత్తూరు

ప్రతి నెలా ఈ ఉత్తరం వస్తుంది. చేతిరాత కూడా అదే.

మా ఇంట్లో దోసెల పని ఇది. ఒక పక్క మినపప్పు, బియ్యం నానబెట్టాలి, తర్వాత రుబ్బాలి, తర్వాత పులియబెట్టాలి. ఇంకో పక్క పల్లీలు వేయించాలి, తర్వాత చట్నీ నూరాలి. ఏ క్షణాన వంటింట్లోకి తొంగి చూసినా "ఇంతవరకు అయినవి" ఒక జాబితా. రుబ్బడం అయిందంటే నానబెట్టడం అయినట్టే, అంటే మళ్ళీ పైది ఉంటే కిందివి ఉండాలి. ఇలాంటి స్థితులు 4 × 3 = 12 ఉంటాయి. పనులు మాత్రం 5. 12 స్థితుల లాటిస్, 5 పరీక్షలు.

ఇప్పుడు 72 తీసుకోండి. భాజకాలు 12, పరీక్షలు 2, 4, 8 ఒక వరస, 3, 9 ఒక వరస. అచ్చం దోసెలే! నానబెట్టడం 2, రుబ్బడం 4, పులియడం 8, పల్లీలు 3, చట్నీ 9. ఈ రెండు లాటిస్‌లూ ఒకటే. 60కి కూడా 12 భాజకాలే, కానీ పరీక్షలు 2, 4, 3, 5. నాలుగే ఉన్నాయి, అందులో రెండు ఒంటరివి. ముగ్గు వేసి పోల్చక్కర్లేదు, పరీక్షలు చూడగానే తెలుస్తుంది వేరని. 100 లోపు 12 భాజకాలున్నవి ఐదు: 60, 72, 84, 90, 96. ఆకారాలు మూడే. ఏవి ఏ గుంపో మీరు చూసుకోండి, ఐదు నిమిషాల పని.

ఇందులో అసలు లాభం సైజుది. నాలుగు వస్తువులు తీసుకుని పైన, కింద ఎన్ని రకాలుగా కలిపినా వచ్చే డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌లో, అన్నిటి పైన ఒక పైమెట్టు, కింద ఒక కిందిమెట్టు చేర్చుకుంటే, 168 మంది ఉంటారు. పరీక్షలు 16. ఎనిమిది వస్తువులైతే పరీక్షలు 256, లాటిస్ మాత్రం 56130437228687557907788, అంటే 23 అంకెల సంఖ్య. 1897లో జర్మన్ గణితవేత్త డెడెకిండ్ మొదలుపెట్టిన లెక్క ఇది. తొమ్మిదికి జవాబు 2023లోగానీ దొరకలేదు, అదీ ఒకే ఏడాది రెండు జట్లు విడివిడిగా తేల్చాయి, 42 అంకెలు. ఆ తొమ్మిదికి పరీక్షలు 512, చిన్న పిల్లల నోట్‌బుక్కులో పడతాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ప్యాకేజీల డిపెండెన్సీలు (దేనికి ముందు ఏది కావాలో) రాసుకునేటప్పుడు పనుల మధ్య బాణాలు రాస్తారు గానీ స్థితులన్నీ రాసుకోరు. ఆ సదుపాయం ఎక్కణ్నుంచి వచ్చిందో వాళ్ళను అడగండి.

ఈ విషయంలో తెలుగువాళ్ళు చేసిన పని ఏమైనా ఉందా? – నెల్లూరు నుంచి వచ్చి మింట్ వీధిలో స్థిరపడిన పాఠకుడు

ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లాటిస్‌ల మీద చాలా కాలం నుంచి పని జరుగుతోంది. యు.ఎం. స్వామి, జి.సి. రావు 1981లో "ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్" అనే కొత్త జాతిని ఆస్ట్రేలియన్ పత్రికలో ప్రకటించారు. దాదాపు అన్ని నియమాలూ ఉంటాయి, ఇటు నుంచి అటు కలిపినా అటు నుంచి ఇటు కలిపినా ఒకటే అన్న భరోసా మాత్రం ఉండదు. ఇప్పటికీ దాని మీద వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. మద్రాసులోనూ ఈ గాలి ఉండేది, ఆర్. వైద్యనాథస్వామి సెట్ టోపాలజీ గ్రంథం 1947లో ఇక్కణ్నుంచే వచ్చింది.

స్టోన్ ఎప్పుడైనా ఇండియా వచ్చారా? – అదే శోళింగనల్లూరు పాఠకుడు, రెండో ఉత్తరం

వచ్చారు. వచ్చి, ఇక్కడే పోయారు.

తండ్రి హార్లన్ స్టోన్ అమెరికా సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి. కొడుకు లా వైపు వెళ్ళకుండా లెక్కల్లో పడ్డారు. చికాగోలో గణిత శాఖను మళ్ళీ నిలబెట్టినవారు ఆయనే. దేశాలు తిరగడం ఆయనకు మహా ఇష్టం. 1989 జనవరి 9న, 85 ఏళ్ళ వయసులో, మద్రాసులో చనిపోయారు.

నాకు ఈ సంగతి పదిహేనేళ్ళ తర్వాత, ఒక పుస్తకం వెనక అట్ట మీది నాలుగు లైన్ల జీవిత విశేషాల్లో కనబడింది. అప్పటికి నేను ఆయన సిద్ధాంతాన్ని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పి ఉంటానో. ఆయన పోయిన రోజున నేను ఇదే ఊళ్ళో ఉన్నాను. మార్గళి నెల, వీధుల నిండా చుక్కల కోలాలు ఉండి ఉంటాయి. డైరీ రాసే అలవాటుంది కాబట్టి అటక మీంచి 1989ది తీసి చూశాను. ఆ సోమవారం పేజీలో రెండు ముక్కలే ఉన్నాయి. "కిరసనాయిలు 5 లీటర్లు తెచ్చాను. ఎమ్మెస్సీకి బూలియన్ ఆల్జీబ్రా మొదలుపెట్టాను, సగంలో బెల్లు కొట్టారు."